మగవారి వంతు



మన రాజపాళయం నుంచి అయ్యనార్ కోవిల్ జలపాతానికి వెళ్ళినవారికి చేతిలోని అరటిపండు లాక్కుపోయే కోతులు తెలిసే ఉంటాయి. మగవారికి గర్భనిరోధక మందు కోసం సాగిన అన్వేషణలో ఈ జాతి కోతికీ పాత్ర ఉంది.

కథకు పునాది వేసింది ఎలుక. 1932లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ మూర్, డొరొతీ ప్రైస్ ఒక సంగతి వివరించారు. మగ ఎలుకకు పురుష హార్మోను ఎక్కిస్తే వృషణాలు బలపడవు సరికదా, కుంచించుకుపోతాయి. వృషణాలకు ఆజ్ఞలిచ్చేది మెదడు కింద ఉండే పీయూష గ్రంథి. రక్తంలో హార్మోను నిండుగా ఉంటే, తొట్టి నిండగానే మోటారు కట్టేసినట్టు, అది ఆజ్ఞలు ఆపేస్తుంది. మరి మళ్ళీ మొదలవుతుందా? అసలు ప్రశ్న అదే.

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్య ఎన్.ఆర్. మౌద్గల్ బృందం మరో దారి పట్టింది. వీర్యకణాల తయారీకి తోడ్పడే ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోనును మాత్రమే అడ్డుకోవాలని చూసింది. గొర్రెల నుంచి తీసిన ఆ హార్మోనునే మగకోతులకు టీకాగా ఇచ్చారు. వాటికి సంతానశక్తి పోయింది, పురుష హార్మోను మాత్రం తగ్గలేదు. టీకా ఆపాక సంతానశక్తి తిరిగి వచ్చింది. అయితే 5గురు పురుషులకు ఇచ్చి చూసినప్పుడు, 1997లో వెలువడిన ఫలితాల ప్రకారం, వీర్యకణాలు తగ్గాయే గాని పూర్తిగా పోలేదు. గర్భం రాదని భరోసా ఇవ్వడానికి అది చాలదు.

ఎలుక చూపిన దారిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిచింది. 7 దేశాల్లో 271 మంది పురుషులకు వారం వారం టెస్టోస్టిరోన్ సూది వేయించింది. 1990లో ఫలితాలు వచ్చాయి. వీర్యకణాలు పూర్తిగా పోయి, ఏడాది వరకు ఈ సూదినే నమ్ముకున్న 157 మంది భార్యల్లో గర్భం వచ్చింది ఒక్కరికే. సూది మానేశాక కణాలు మళ్ళీ వచ్చాయి. కాని ప్రతివారం సూదికి ఎందరు సిద్ధపడతారు? తర్వాత ఒంటికి పూసుకునే జెల్ కూడా పరీక్షలకు వచ్చింది. ఏదీ ఇంకా మందుల షాపుకు చేరలేదు.

ఈలోగా భారం ఎవరిమీద? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 100 మంది వివాహితల్లో దాదాపు 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. భర్త ఆపరేషన్ చేయించుకున్న వివాహితలు 1000కి 3గురు మాత్రమే. మగవారి ఆపరేషన్ చిన్నది, కడుపు కోయనక్కరలేదు. అయినా బడిలో మాతో మాట్లాడే తల్లులు, “ఇంట్లో ఆయన ఒప్పుకోలేదండీ” అంటారు.

తిరిగి సంతానం కావాలనుకునేవారికి పనికొచ్చే మందు రావడానికి ఇంకా సమయం పట్టవచ్చు. భార్యతో కూర్చుని “ఇందులో నా వంతు ఏమిటి?” అని అడగడానికి మాత్రం ఏ మందు కోసమూ ఆగనక్కరలేదు.