కొత్త గుడ్డకు పాత రంగు: కరక్కాయ, కసిమి చెప్పే చరిత్ర

పోయినేడు మా సంఘానికి ఒక వ్యాపారి వచ్చాడు. "అమ్మా, మీ కలంకారీ గుడ్డల్ని పాతకాలం వాటిలా చేసివ్వండి, రేటు రెండింతలు ఇస్తా" అన్నాడు. కొందరం సరే అన్నాం, కొందరం వద్దన్నాం. ఆ వాదన తేలాలంటే మన పని చరిత్ర తెలుసుకోవాల్సి వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ కొత్తదైనా కొంచెం పాతదానిలాగే ఉంటుంది. ముడి గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండబెడతాం. తెల్లగుడ్డకు లేత పసుపు ఛాయ వస్తుంది. ఇది అందం కోసం మొదలైంది కాదు. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు గీత అలుక్కుపోకుండా ఆపుతుంది.

నల్లగీతకు కసిమి వాడతాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి ఊరబెడతాం. ఆ నీళ్లు కరక్కాయ గుడ్డ మీద పడగానే నల్లబడతాయి. ఇనుము, వగరు కలిస్తే వచ్చే నలుపు అది. టీ డికాషన్‌లో కూడా వగరు ఉంది కాబట్టే టీలో ముంచిన గుడ్డ గోధుమరంగుకు తిరిగి పాతదిలా కనబడుతుంది.

మన తీరం అద్దకాలకు ఒకప్పుడు ఎంత గిరాకీ అంటే, 1611లో ఇంగ్లీషు వాళ్లు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన దేశపు అద్దకాల దెబ్బకు తమ నేతగాళ్లు నష్టపోతున్నారని 1686లో ఫ్రాన్సు వాటిని నిషేధించింది. 1721లో ఇంగ్లండు కూడా చట్టం చేసి అడ్డుకుంది. తర్వాత మిల్లు గుడ్డ వచ్చి మన పనిని ఇంకా దెబ్బతీసింది. 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలయ్యాకే మళ్లీ ఊపిరి పోసుకుంది.

ఆ కాలపు గుడ్డలు ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లాంటి చోట్ల ఉన్నాయి. అలాంటి పాత అద్దకాల్లో ఎర్రరంగు నిలిచినా, నల్లగీతల దగ్గర గుడ్డ చివికిపోవడం కనిపిస్తుంది. ఇనుము నూలును మెల్లగా తినేస్తుంది. అంటే పాతదనం కోసం మనం కసిమి ఎక్కువ పెడితే, కొన్న అక్క ఇంట్లో ఆ గుడ్డ తొందరగా చిరుగుతుంది. పేరు పోయేది వ్యాపారిది కాదు, మనది.

ఇంకొకటి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని అమ్మడానికి లైసెన్సు కావాలి, దేశం దాటించకూడదు. కొత్తదాన్ని అలాంటిదని చెప్పి అమ్మితే అది మోసం.

చివరికి ఇలా తీర్మానం రాసుకున్నాం: పాత ఛాయ అడిగితే కరక్కాయతో, టీతో ఇస్తాం. కసిమి కొలత దాటం. ప్రతి గుడ్డ అంచున సంఘం పేరు, చేసిన ఏడాది రాస్తాం. అది విని వ్యాపారి వెళ్లిపోయాడు. రెండింతల రేటు పోయిందని కొందరికి ఇప్పటికీ బాధే. కానీ మన పేరు రాసుకోలేని పని మనకెందుకు, అక్కా?