కాల్చిన అనాస

బ్రెజిల్‌లోని చుర్రాస్కేరియాల్లో, అంటే నిప్పులపై మాంసం కాల్చి వడ్డించే భోజనశాలల్లో, పేరుపడ్డ తీపి వంటకం. అక్కడ చెక్కు తీసిన అనాసపండుకు చక్కెర, దాల్చినచెక్క పొడి పట్టించి, ఇనుప చువ్వకు గుచ్చి కాలుస్తారు. బల్ల దగ్గరే పలుచగా కోసి పెడతారు. అనాస పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికాయే.

ఇంట్లో చేసుకోవడానికి దోసెల పెనం చాలు. పండును సుమారు 1.5 సెంటీమీటర్ల మందాన చక్రాలుగా కోసి, నడిమి గట్టి భాగం తీసేసి, పొడిబట్టతో తడి అద్దాలి. ఈ పని మానకూడదు: పైన తడి ఉంటే వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోయి, ముక్క ఉడుకుతుందే తప్ప కాలదు. బాగా కాగిన పెనంపై కాస్త నెయ్యి రాసి, ఒక్కో వైపు 3-4 నిమిషాలు కదపకుండా ఉంచాలి. చక్కెర త్వరగా మాడుతుంది కనుక చివర్లో చల్లడం మేలు. బెల్లం తురుమైతే రుచి ఇంకా నిండుగా ఉంటుంది.

కాల్చని అనాసలోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాల ప్రొటీన్లను విడగొట్టి చేదు పుట్టిస్తుంది. ముక్క లోపలిదాకా బాగా వేడెక్కితే అది పనిచేయదు. అందుకే కాల్చిన అనాసకు ఐస్‌క్రీం చక్కగా కుదురుతుంది. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల్లో పండే అనాసతోనూ దీన్ని చేసుకోవచ్చు. మరీ మిగలపండినది మాత్రం పెనంపై చెదిరిపోతుంది.