దేహపు వేడికే కరిగే మందు

వాంతుల వలన మందు మింగలేని జ్వరపీడిత శిశువుకు మలద్వారం ద్వారా ఔషధమివ్వడం కొత్త ఉపాయం కాదు. ఈజిప్టుకు చెందిన ఎబర్స్ పపైరస్‌లోనూ, మన చరకసంహితలోనూ ఇటువంటి వర్తుల ప్రస్తావన ఉన్నది. కానీ దేహపు వేడికే కరిగి మందును విడిచే తగిన పదార్థం కుదరడానికి శతాబ్దాలు పట్టింది.

ఆ లోటును కోకో వెన్న తీర్చింది. 18వ శతాబ్దిలో ఫ్రాన్సులో మొదలైన ఈ వాడుకను 1852లో ఆల్‌ఫ్రెడ్ టేలర్ అమెరికాలో ప్రవేశపెట్టాడు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. మన దేహోష్ణత 37. అయితే తయారీలో అతిగా కాచితే దాని స్ఫటికాలు మారి, గది వేడికే మెత్తబడుతుంది. 20వ శతాబ్దిలో గట్టిపరచిన వృక్షజన్య కొవ్వులు ఈ చిక్కును తగ్గించాయి.

మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. లోపల సుగుణమైనదే బయట దోషమవుతుంది. కనుక సపోజిటరీలను పెట్టెపై సూచించినట్లు చల్లగా భద్రపరచండి. కరిగి రూపు చెడినవాటిని వాడవద్దు. వాటిలో మందు సమంగా ఉండకపోవచ్చు.