రూమీ టోపీ: ట్రంకు పెట్టె అడుగున మిగిలిన చరిత్ర

మన పల్నాటి ముస్లిం ఇళ్ళలో పాత ట్రంకు పెట్టె తెరిస్తే, అడుగున కాగితం చుట్టి పెట్టిన ఎర్రటి కుచ్చు టోపీ కనబడడం పెద్దలకు తెలిసిన సంగతే. నికాకు, ఈద్ నమాజుకు, ఫోటో దిగడానికి తప్ప దాన్ని బయటికి తీసేవారు కాదు. కొందరు రూమీ టోపీ అన్నారు, కొందరు తుర్కీ టోపీ అన్నారు. ఈనాటి పిల్లలకు అది నాటకాల వేషం సామానులాగా కనబడుతోంది. అందుకే దాని చరిత్రను, దాని మంచిచెడ్డలు చూసే పద్ధతిని నాలుగు మాటల్లో చెప్పదలచాము.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాము. మా ఇంట్లోనూ తాతగారి టోపీ ఒకటి ఉండేది. ఒక వేసవిలో ఇల్లు సర్దుతూ ఉండగా, పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె వీధిలో కేక వేసింది. రెండు చిరిగిన షేర్వాణీలతో బాటు ఆ టోపీ కూడా మూటలో పడిపోయింది. మారుగా ఒక స్టీలు గిన్నె వచ్చింది. ఆ గిన్నె ఇప్పటికీ వంటింట్లో ఉంది. టోపీ లోపల తోలు పట్టీ మీద ఏవో అక్షరాలు అచ్చు వేసి ఉండేవని గుర్తు. అవేమిటో చదివి రాసిపెట్టుకోవాలని మాకు తోచలేదు.

రూమ్ అనేది రోమ్ అనే మాట నుంచి వచ్చింది. ఒకప్పుడు తూర్పు రోమను రాజులు ఏలిన నేలను తర్వాత తుర్కులు ఏలారు గనుక, మనవాళ్ళకు తుర్కీ దేశం రూమ్ అయింది. ఇంగ్లీషువారు చెప్పే ఫెజ్ అనే పేరు మొరాకోలోని ఫెజ్ పట్టణానిది. సుల్తాన్ రెండవ మహమూద్ 1826లో పాత జానిసరీ సైన్యాన్ని రద్దు చేసి, కొత్త సైన్యానికి ఈ టోపీ పెట్టించాడు. 1829లో సర్కారు ఉద్యోగులందరికీ ఇదే పెట్టుకోమన్నాడు. అంతకు ముందు తలపాగాను బట్టి మనిషి మతం, హోదా తెలిసిపోయేవి. అందరికీ ఒకే టోపీ అయితే ఆ తేడా కనబడదని ఆయన ఆలోచన. మతపండితులకు మాత్రం తలపాగా ఉంచారు. అంచు లేని టోపీ గనుక సజ్దాలో నుదురు నేలకు తగలడానికి అడ్డు రాదు. తలపాగా విడిచి దీన్ని పెట్టుకోమంటే అప్పుడు నొచ్చుకున్నవారు ఉన్నారు. సరిగ్గా వందేళ్ళు తిరక్కముందే, 1925 నవంబరులో ముస్తఫా కమాల్ ప్రభుత్వం దీన్ని నిషేధిస్తే, తీయబోమని అలజడి చేసినవారూ ఉన్నారు. వచ్చినప్పుడు కొత్త ఫ్యాషను, పోయేటప్పుడు దీన్‌లో భాగం! ఇది మన పిల్లలు గ్రహించవలసిన విషయం. టోపీ దీన్ కాదు, కాని ఒక కాలం మనుషుల మనసు అందులో ఉంది.

మన దేశంలో దీనికి పెద్ద గౌరవం తెచ్చినవారు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. 1875లో ఆయన అలీగఢ్‌లో పెట్టిన విద్యాలయంలో తుర్కీ టోపీ, తుర్కీ కోటు విద్యార్థుల దుస్తులయ్యాయి. దానితో రూమీ టోపీ అంటే చదువుకున్న ముస్లిం అనే అర్థం వచ్చింది. హైదరాబాదులో దర్బారుకు దస్తార్ ఉన్నా, బయట రూమీ టోపీ బాగా పాతుకుపోయింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాత రూమీ టోపీతోనే ఏళ్ళ తరబడి గడిపారని చెప్పుకోని వారు లేరు. 1931లో ఆయన కుమారులిద్దరికీ ఫ్రాన్సులోని నీస్ నగరంలో తుర్కీ రాజకుటుంబపు కన్యలతో, చివరి ఖలీఫా కుమార్తె దుర్రె షెహ్వార్‌తోను, నీలోఫర్‌తోను నికా జరిగింది. మాచర్ల, గురజాల వైపు నుంచి కృష్ణ దాటితే నల్గొండ జిల్లా, అంటే నైజాం రాజ్యం. మనది మద్రాసు రాజధాని. ఏలుబడులు వేరైనా వియ్యాలకు, బేరాలకు ఏరు అడ్డం రాలేదు. ఆ బండిలోనే ఈ టోపీ కూడా దిగింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ముస్లింల టోపీగా పేరుపడ్డ ఈ వస్తువు చాలావరకు ఆస్ట్రియా సామ్రాజ్యంలో తయారయ్యేది. బొహీమియాలోని స్ట్రాకొనిత్సె పట్టణం ఇందుకు ప్రసిద్ధి. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకున్నప్పుడు తుర్కీ ప్రజలు ఆస్ట్రియా సరుకు బహిష్కరించారు. ఎర్ర టోపీలు తీసేసి తెల్లటివి పెట్టుకున్నారు. మన దగ్గర ఖిలాఫత్ ఉద్యమం, సహాయ నిరాకరణం కలిసి నడిచిన రోజుల్లో, 1921లో బెజవాడలో కాంగ్రెసు మహాసభ సంఘం కూడినప్పుడు, పల్నాట పుల్లరి సత్యాగ్రహం సాగుతున్నప్పుడు, విదేశీ సరుకు విడవమన్న పిలుపు తలమీది టోపీకి కూడా తగిలింది. ఖలీఫా కోసం పాటుపడుతూ ఖలీఫా దేశపు టోపీ విడిచి ఖద్దరు టోపీ పెట్టుకున్నవారిని తలచుకుంటే మనసు కదులుతుంది. 1924 మార్చిలో ఖిలాఫత్తే రద్దయింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు వీధుల్లోనూ రూమీ టోపీ తగ్గిపోయింది. పెట్టుకుంటే ఎవరేమనుకుంటారో అన్న జంకు ఒకటి. అలా అది పెట్టె అడుగుకు చేరింది.

ఇక వస్తువు సంగతి. మన కంబళి మగ్గం మీద నేసినది. రూమీ టోపీ ఫెల్టు. ఉర్దూలో నమ్దా అంటారు. ఉన్ని పోగుకు కంటికి కనబడని పొలుసులు ఉంటాయి. వేడినీళ్ళు, సబ్బు పెట్టి పిసికితే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా బిగుస్తాయి. ట్యునీసియాలో ఉన్నితో టోపీని పెద్దదిగా అల్లి, నీళ్ళలో దంచి బిగించి, ముళ్ళకాయతో దువ్వి నూగు లేపి, రంగు వేసి, అచ్చుకు ఎక్కిస్తారు. గట్టి టోపీ ఆకారం చెడితే ఇత్తడి ఖాలిబ్ మీద ఎక్కించి వేడితో సరిచేసేవారు. దొరల సోలా టోపీ జీలుగు బెండుది. దానికీ దీనికీ పోలిక లేదు.

పాత టోపీ చేతికి వస్తే చూడవలసినవి ఇవి. మొదట కుట్టు వెతకండి. అసలు ఫెల్టు టోపీ ఒకే ముక్క. పక్కన అతుకు ఉంటే అట్ట మీద ఎర్రగుడ్డ తొడిగినదన్నమాట. రెండు, వేలితో మెల్లగా నొక్కండి. మంచి ఫెల్టు లొంగి మళ్ళీ లేస్తుంది. నాసిది సొట్టపడి ఉండిపోతుంది. మూడు, ఎండకు ఎదురుగా పట్టి లోపలి నుంచి చూడండి. పురుగు తిన్నచోట చుక్కల్లాగా వెలుగు వస్తుంది. నాలుగు, తోలు పట్టీ కొంచెం ఎత్తి కింద రంగు చూడండి. అక్కడ ముదురుగా, పైన వెలిసి ఉంటే కాలం చేసిన పని. రెండుచోట్లా ఒకేలా మెరిస్తే కొత్తదో, మళ్ళీ రంగు వేసినదో అనుకోవాలి. అయిదు, కుచ్చు. రాలిన ఒక్క పోగు కాల్చితే పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, నకిలీ పట్టు కాగితం వాసన వేస్తుంది, నైలాను కరిగి పూసలాగా అవుతుంది. లోపలి ముద్ర ఒక్కటే చూసి నమ్మవద్దు, పట్టీ మార్చి ఉండవచ్చు. తెలియక కొంటే, తెలుగులో అందరూ అనే ఆ కుచ్చుటోపీ మనకే పడుతుంది.

ఇది కొనుగోలుదారు లెక్క. మా లెక్క వేరు. చెమట మరక, ఇంట్లో ఆడవాళ్ళు వేసిన చిన్న రఫూ, తల పెద్దది కాకుండా పట్టీలో మడిచిపెట్టిన కాగితం, ఇవి బేరగాడికి లోపాలు. మనకు అవే సాక్ష్యాలు. ఆ టోపీ ఒకరు నిజంగా పెట్టుకున్నారని చెప్పేది అవే. కొత్తగా మెరిసే టోపీ కంటే అలా వాడిన టోపీయే మన చరిత్రకు విలువైనది.

కాబట్టి నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. మీ ఇంట అలాంటి టోపీ ఉంటే ఉతకవద్దు, ఇస్త్రీ చేయవద్దు. లోపల పాత మెత్తని నూలుగుడ్డ కుక్కి, ఆకారం నిలిచేలా డబ్బాలో పెట్టండి. కలరా ఉండలు ఉన్నికి తగలకుండా గుడ్డలో కట్టి మూలన ఉంచండి. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఎవరిదో, ఎప్పుడు పెట్టుకున్నారో, చెప్పగల పెద్దవారు ఇంట్లో ఉన్నప్పుడే అడిగి ఒక చీటీ మీద రాసి అందులో ఉంచండి. పెద్దవారు దాటిపోయాక ఆ చీటీ రాసేవారు ఉండరు. మా చేతిలో స్టీలు గిన్నె మిగిలింది. మీ చేతిలో టోపీయే మిగలాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము.