మారిషస్ చెరకు, లండన్ రాణి

ఈరోజు మారిషస్ దీవి సంగతి చెప్తాను. 1810లో బ్రిటిష్ వాళ్లు దాన్ని ఫ్రెంచి వాళ్ల దగ్గర గుంజుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయింది. మరి చెరకు ఎవరు నరకాలి? ఒప్పంద కూలీలంటూ మన దేశం జనాన్ని ఓడలెక్కించారు. కోరంగి రేవు నుంచి వెళ్లిన మన తెలుగోళ్లకి అక్కడ ‘కొరంగి’ అనే పేరే పడిపోయింది. చేలల్లో నల్లరాళ్లు ఏరి పోసిన కుప్పలు ఇప్పటికీ ఉన్నాయి.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. అయినా ఇంకో 24 ఏళ్లు దేశాధినేత లండన్లో ఉన్న ఎలిజబెత్ రాణే! 1992 మార్చి 12న గానీ గణతంత్రం కాలేదు. ఆఖరి అప్పీలు మాత్రం నేటికీ లండన్ ప్రివీ కౌన్సిల్‌కే.

పొలం మనం దున్నుతున్నా పాసుబుక్కులో పాత పేరే ఉంటే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా. దేశం సంగతీ అంతే. చెమట ముందు, పేరు మారేది చివర్న.