చెట్టును విడిచిన పట్ట

1780ల్లో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉన్న విలియం రాక్స్‌బరో చలిజ్వరానికి స్థానికంగా దొరికే మందు కోసం వెతికాడు. అప్పటికి నమ్మకమైన మందు సింకోనా పట్ట ఒక్కటే. అది దక్షిణ అమెరికాలో స్పెయిన్ ఏలుబడిలోని అడవుల సరుకు, పైగా ఖరీదైనది. రాజమండ్రి సర్కారు కొండల్లో అతనికి సోమిద చెట్టు కనిపించింది. దాని పట్ట లోపల ఎర్రగా, రుచికి చేదుగా, వగరుగా ఉంటుంది. ఆ చెట్టు వర్ణనను, పట్ట మీద తాను చేసిన పరీక్షలను 1793లో లండన్‌లో అచ్చువేయించాడు. మరుసటి ఏడాది ఎడింబరోలో ఆండ్రూ డంకన్ తన వైద్య సిద్ధాంత వ్యాసానికి ఈ పట్టనే విషయంగా తీసుకున్నాడు. 1803 నాటికి సోమిద పట్ట ఎడింబరో ఔషధకోశంలో చేరింది. మన్యం చెట్టు ఒకటి పదేళ్లలో బ్రిటన్ వైద్యుల పుస్తకాలకెక్కిందన్నమాట. ఆ పట్టకు తర్వాత పట్టిన గతి చూస్తే, మందుపట్టలను గుర్తుపట్టే విద్య ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది.

ఉత్తరాది వ్యాపారులు సోమిదను రోహన్ అనేవారు. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన విలియం ఓషానెసీ 1830ల్లో బజారు మందులను పరీక్షిస్తూ భయపడాల్సిన సంగతి ఒకటి గమనించాడు. రోహన్ పేరుతో కలకత్తా అంగళ్లలో అమ్ముతున్నది తరచుగా ముష్టి చెట్టు పట్ట. ముష్టి గింజల్లో లాగే ఆ పట్టలోనూ స్ట్రిక్నిన్, బ్రూసిన్ అనే విషాలున్నాయి. ఐరోపాకు ఇదే పట్ట మరో పేరుతో చేరింది. వెనెజులా నుంచి వచ్చే అంగస్తూరా పట్టలో అది కలిసి, 19వ శతాబ్దం మొదట్లో జనం ప్రాణాలు తీసింది. ఆస్ట్రియాలో ఆ సరుకునే నిషేధించారు. అంగస్తూరా, సోమిద, ముష్టి ఒక కుటుంబానికి చెందిన చెట్లు కావు, నిలువునా చూస్తే ఒకదానితో ఒకటి పోలిక కూడా లేదు. ముక్కలుగా కోసి ఎండబెట్టాక మాత్రం ఈ మూడింటికీ మిగిలిన గుణం ఒకటే, చేదు. జ్వరానికి చేదే మందని నమ్మిన కాలంలో కొనేవాడు చూసుకున్నదీ ఆ చేదునే. సరుకుకు నాలుకే పరీక్ష అయినప్పుడు, విషం కూడా ఆ పరీక్షలో నెగ్గింది.

దీన్ని బట్టి నాటు వైద్యుల జ్ఞానం పైపైదని తీర్పు చెప్పేవారున్నారు. ఆ తీర్పు సరికాదు. రంపచోడవరం వైపు అడవిలో పట్ట చెక్కేవాడు పట్టను చూసి చెట్టును ఊహించడు, చెట్టును గుర్తించాకే పట్టకు గాటు పెడతాడు. ఆకు అమరిక, కాయ, చెట్టు పెరిగిన నేల అతనికి ముందే తెలుసు. గాటు పెట్టాక పాలు కారాయా, లోపలి పొర ఏ రంగులో ఉంది, గాలి తగిలాక అది మారిందా, వాసన ఎలా ఉంది అన్నవి దాన్ని ఖాయం చేస్తాయి. ఎండలో ఆరబెట్టేసరికి ఈ గుర్తుల్లో చాలావరకు పోతాయి. మూట సంతకు, సంత నుంచి రేవుకు చేరేలోగా ఏ చెట్టుదో చూసినవాడు వెనకే ఉండిపోతాడు. కలకత్తా పొరపాటు జరిగింది ఆ దారిలోనే.

శాస్త్ర గ్రంథాలు కూడా ఈ మాటకే బలమిస్తాయి. రక్త విరేచనాలకు వాడే కొడిసెపాల, అంటే కుటజం, ఇందుకు మంచి ఉదాహరణ. దాన్ని పోలిన చెట్టు అంకుడు, ఏటికొప్పాక బొమ్మలు చెక్కే కర్ర. రెండింటికీ గాటు పెడితే పాలు వస్తాయి, రెండూ తెల్లగా పూస్తాయి. చరక సంహిత కల్పస్థానం కుటజంలో మగ, ఆడ అని రెండు రకాలు చెప్పింది. ఆడ రకం అంకుడు జాతి చెట్టేనని పలువురు పండితుల అభిప్రాయం. ఆ గ్రంథం భేదం చెప్పడానికి ఎంచుకున్నవి పూల రంగు, కాయ పరిమాణం, ఆకు తీరు. మందుకు వాడే పట్టలో ఇవేవీ ఉండవు. అంటే మందు చేసేవాడు చెట్టు దగ్గరికి వెళ్తాడనే నమ్మకంతోనే ఆ లక్షణాలు రాశారు. అడవిలో తేడా తేలికే. అంకుడు జంట కాయల కొసలు అతుక్కుని ఉంటాయి, కొడిసెపాల కాయలు విడివిడిగా వేలాడతాయి. మూటకట్టిన పట్టలో ఆ తేడా వెతికే వీల్లేదు. ఐరోపాలో కొడిసెపాల పట్టకు పేరు చెడడానికి అంకుడు పట్ట అందులో కలవడం కూడా కారణమని పాత ఔషధ గ్రంథాలు రాశాయి.

రసాయన పరీక్ష వచ్చాక ఈ చిక్కు తీరిందిగా అని అడగవచ్చు. కొంత తీరింది. ముష్టి పట్ట లోపలి వైపు నైట్రిక్ ఆమ్లం చుక్క వేస్తే బ్రూసిన్ వల్ల నెత్తురు రంగుకు తిరుగుతుంది. ఆ పరీక్ష ప్రాణాలు కాపాడింది. కానీ అది ముష్టి ఉందో లేదో చెబుతుంది తప్ప, లేనప్పుడు ఉన్నది సోమిద అని చెప్పదు. పైగా బ్రూసిన్ అన్న పేరే ఒక పొరపాటు. 1819లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెల్టియే, కవెంటూ ఈ విషాన్ని నకిలీ అంగస్తూరా నుంచి, అంటే అంగస్తూరాలో కలిసిన ఆ ముష్టి పట్ట నుంచి విడదీశారు. ఆ పట్ట అబిసీనియాలోని బ్రూసియా చెట్టుదని అప్పట్లో అనుకునేవారు, అందుకే విషానికి ఆ పేరు పెట్టారు. మరుసటి ఏడాదే సింకోనా నుంచి క్వినైన్ తీసిన ఉద్దండులు వాళ్లు. పట్టలోని పదార్థాన్ని శుద్ధిగా తీయగలిగినా, చెట్టు విషయంలో మోసపోయారు. నేటి సూక్ష్మదర్శినికీ, డీఎన్ఏ పరీక్షకూ ఇదే షరతు. సరిచూడటానికి పేరు తెలిసిన చెట్టు నుంచి తీసిన నమూనా ముందు ఉండాలి. దాన్ని ఎవరో ఒకరు అడవికి వెళ్లి తేవాల్సిందే.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. అడవిలోనూ పేర్లు స్థిరం కావు, ఒక తాలూకాలో పిలిచే పేరు పక్క తాలూకాలో మరో చెట్టుకుంటుంది. పైగా మందు తెలిసిన కుటుంబాలు గుట్టు విప్పవు. ఇది నిజమే. ఆయుర్వేద నిఘంటువులు కూడా ఎక్కువగా పర్యాయపదాలిచ్చాయి గాని పట్ట తీరు వర్ణించలేదు. అయితే చెట్టు ముందు నిలబడ్డప్పుడు పేరు తప్పినా వస్తువు తప్పదు. కొమ్మ, కాయ చూపి సందేహం తీర్చుకోవచ్చు. పట్ట దూరం వెళ్లాక చేతిలో మిగిలేది పేరే, అప్పుడు పేరు తప్పితే అంతా తప్పుతుంది. రాక్స్‌బరో సోమిదను ఇప్పటికీ నిస్సందేహంగా గుర్తించగలగడానికి కారణం అతను పట్ట గుణంతో సరిపెట్టకుండా పువ్వు, కాయలతో సహా చెట్టును వర్ణించి, బొమ్మ గీయించడమే.

కాబట్టి నేటి మూలికల వ్యాపారంలో కల్తీని ఆపాలంటే పరీక్షాగారాలు పెంచితే సరిపోదు. పట్ట మూటతో పాటు అదే చెట్టు కొమ్మా కాయా, కోసిన చోటు, కోసినవారి పేరు నమోదై రావాలి. పట్ట చెక్కేవాడికి కూలి బరువును బట్టి కాక, గుర్తింపు విద్యను బట్టి దక్కాలి. బరువుకే డబ్బిస్తే ఏ చెట్టు పట్ట అయినా మూటలో చేరుతుంది, మంచి చెట్టు కూడా చుట్టూ చెక్కేయడంతో చస్తుంది. దాదాపు రెండు శతాబ్దాల కిందట కలకత్తా అంగడిలో కొరవడింది ఆ చెట్టును చూసిన మనిషి సాక్ష్యం. దానికి వెల కట్టనంత కాలం ఎంత మంచి పరీక్షైనా తప్పు జరిగాక బయటపెడుతుందే గాని, జరగకుండా ఆపలేదు.