మారకపు విపణిలో నిరీక్షణ

ఒక దేశపు ద్రవ్యమును మరియొక దేశపు ద్రవ్యముతో మార్చు వ్యాపారము మిక్కిలి ప్రాచీనమైనది. ఈ వ్యాపారమున వర్తకుని వేధించిన ప్రశ్న మాత్రము ఏ కాలమునందైనను ఒక్కటే: అవతలి పట్టణమున ఈ క్షణమున ధర యెంత? ప్రత్యుత్తరము వచ్చులోపల కొంత కాలము గడచును. గడచిన ఆ కాలములో ధరయు మారవచ్చును. కంప్యూటరు ప్రోగ్రాములు మనుష్యుని చేయి సోకకుండగనే డాలర్లను, యూరోలను కొని అమ్ముచున్న ఈ దినములలో, ఆ నిరీక్షణ తొలగిపోయినదని పలువురు తలచుచున్నారు. చరిత్రను పరిశీలించినచో అట్లు తోచదు.

1850లో బెర్లిను నుండి ఆకెను వరకు ఒక తంతి మార్గమును, పారిస్ నుండి బ్రసెల్సు వరకు మరియొక తంతి మార్గమును ఉండెను. నడుమ తంతి లేదు. పాల్ జూలియస్ రాయిటర్ అను నాతడు ఆ వెలితిని పావురములతో పూరించెను. బ్రసెల్సు ధరలు వ్రాసిన చీటీలను కట్టి విడువగా, అవి రైలు కన్న ముందుగా ఆకెను చేరుచుండెను. నడిమి తంతి పూర్తికాగానే పావురముల పని ముగిసినది. 1851లో రాయిటర్ లండనులో కార్యాలయము తెరచెను. ఆ సంవత్సరమే డోవరు, కలే రేవుల నడుమ సముద్రము అడుగున తంతి తీగె పడినది.

అట్లాంటిక్ మహాసముద్రము అంత సులభముగా లొంగలేదు. 1858లో వేసిన తీగె కొలది వారములకే మూగవోయెను. 1866 జూలైలో గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక సహాయమున వేసిన తీగె నిలిచినది. అంతవరకు లండను ధర న్యూయార్కునకు తెలియవలెనన్న ఓడ సముద్రము దాటవలసినదే. పౌనునకు డాలరునకు గల మారకపు రేటును వర్తకులు నేటికిని ‘కేబుల్’ అనియే వ్యవహరించుచున్నారు.

1944 నాటి బ్రెటన్ ఉడ్స్ ఒడంబడిక ప్రధాన ద్రవ్యముల విలువలను డాలరునకు ముడివేసినంత కాలము ఈ విపణిలో అంతగా అలజడి లేదు. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ డాలరునకు బంగారముతో గల ముడిని విప్పివేసెను. 1973 నాటికి ప్రధాన ద్రవ్యములు స్వేచ్ఛగా తేలసాగినవి. ఆ సంవత్సరమే రాయిటర్స్ సంస్థ మారకపు రేట్లను కంప్యూటరు తెరపై చూపనారంభించెను. 1981లో ఆ తెరల మీదనే బేరము సాగినది. 2022 ఏప్రిలు నాటి లెక్క ప్రకారము ప్రపంచమున దినమునకు జరిగిన ద్రవ్య మారకము ఏడున్నర లక్షల కోట్ల డాలర్లు.

ఇక ప్రోగ్రాముల సంగతి. పైథాన్ అను భాషను గైడో వాన్ రోసమ్ అను డచ్చి దేశీయుడు 1989 చివర ఆమ్‌స్టర్‌డాములో ఆరంభించి 1991లో వెలువరించెను. పేరు వినగానే కొండచిలువ తలపునకు వచ్చును. నిజమునకు అది బి.బి.సి. టెలివిజనులో ప్రసారమైన ఒక హాస్య కార్యక్రమపు పేరు నుండి గ్రహింపబడినది. ప్రసారవృత్తిలో ఉన్నవాడను గనుక ఈ మాట చెప్పకుండ ఉండలేను. ఈ భాష వేగమునకు ప్రసిద్ధి కెక్కినది కాదు. చదువుటకు, వ్రాయుటకు సుకరమైనది. మరి అట్టి భాష క్షణక్షణము మారు ధరలతో ఎట్లు వేగగలదు?

2014లో వెలువడిన పైథాన్ 3.4 కూర్పున ఎసింక్‌ఐఓ అను లైబ్రరీ, అనగా ముందే వ్రాసియుంచిన ప్రోగ్రాముల పొది, చేరినది. మరుసటి సంవత్సరము 3.5 కూర్పులో ఎసింక్, అవెయిట్ అను రెండు మాటలు భాషలోనికే ప్రవేశించినవి. ఒక ప్రోగ్రాము దళారి సంస్థ కంప్యూటరును ధర అడిగినదనుకొనుడు. ప్రత్యుత్తరమునకు సెకనులో పదవ వంతు పట్టవచ్చును. కంప్యూటరు దృష్టిలో అది యొక యుగము. పాత పద్ధతిలో ప్రోగ్రాము అంతసేపును చేతులు ముడుచుకొని కూర్చుండును. ఈ పద్ధతిలో ‘ఇచట వేచియుండవలెను’ అని గురుతుంచుకొని వేరొక పని చూచుకొనును. ప్రత్యుత్తరము రాగానే విడిచిన చోటికి మరలివచ్చును. ఎసరు మరగులోపల కూర తరుగుకొను ఇల్లాలు చేయునదియు ఇదియే. పొయ్యి కడ నున్నది ఒక్కరే, అయినను ఏ పనియు నిలువదు.

ఇందొక మెలిక ఉన్నది. ఆ ఒక్కరు ఏదో పనిలో మునిగి తల యెత్తకున్నచో, పొయ్యి మీది దంతయు మాడిపోవును. ప్రోగ్రాములో ఒక దీర్ఘమైన గణన దారి నీయక నడచినచో, అంతలో వచ్చిన ధరలన్నియు వాకిట బారులు తీరి నిలుచును. గణన ముగిసిన పిదప ప్రోగ్రాము బారులోని మొదటి ధరను చూచి, అదియే ఇప్పటి ధర యని భ్రమించి కొనివేయును. పావురము తెచ్చిన ధర పాతదని ఆకెను వర్తకునికి తెలియును. ప్రోగ్రామునకు, వ్రాసినవాడు చెప్పిననే గాని, తెలియదు. అందువలన జాగ్రత్తగలవారు ప్రతి ధర మీదను కాలము పరీక్షించి, అది పాతబడినచో వ్యాపారము మానివేయునట్లు ప్రోగ్రాము వ్రాయుదురు.

ఇంకొక చిక్కు. ‘లక్ష యూరోలు కొనుము’ అని ఆర్డరు పంపిన పిమ్మట సంబంధము తెగినది. కొనుట జరిగినదా, లేదా? జరుగలేదనుకొని మరల పంపినచో రెండు లక్షలు కొనుట సంభవింపవచ్చును. కావున ప్రతి ఆర్డరునకు ఒక ప్రత్యేక సంఖ్య నిచ్చి, మరల పంపుటకు ముందు దాని గతి యేమైనదని విచారించుట మంచి పద్ధతి.

సందేహము కలిగినప్పుడు వెనుకకు తగ్గుట వివేకమే. కాని అందరును ఒక్కసారిగా తగ్గినచో? 2016 అక్టోబరు 7న లండనులో అర్ధరాత్రి దాటినది. న్యూయార్కు వ్యాపారము ముగిసినది. తూర్పు దేశముల విపణులు ఇంకను పూర్తిగా మేల్కొనలేదు. ఆ వేళ పౌను విలువ డాలరుతో పోల్చగా నిమిషములలో సుమారు 9 శాతము పడిపోయి, వెంటనే చాలవరకు కోలుకొన్నది. అంతర్జాతీయ పరిష్కారముల బ్యాంకునకు చెందిన ఒక సంఘము 2017 జనవరిలో ప్రకటించిన నివేదికలో కారణము ఒక్కటి కాదనియు, ఆ వేళావిశేషము ముఖ్యమనియు తేల్చినది. ధర అతిగా పడగా చికాగో ఫ్యూచర్సు విపణి నియమానుసారము కొంతసేపు నిలిచెను. దాని ధరలను ఆధారముగా గొన్నవారు ఆధారము లేక తప్పుకొనిరి. ఎవరికి వారు చేసినది దోషమని నేననజాలను. అయినను కొనువాడు లేని చోట ధరకు అడుగు లేదు.

మన దేశమున ఈ వ్యాపారమునకు హద్దులు వేరు. 2008 ఆగస్టులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో డాలరు-రూపాయి ఫ్యూచర్సు ప్రారంభమైనవి. రిజర్వు బ్యాంకు 2024లో ఇచ్చిన వివరణ ప్రకారము రూపాయితో కూడిన అట్టి బేరములకు నిజమైన ఎగుమతి, దిగుమతి, అప్పు వంటి అవసరము వెనుక నుండవలెను. పైథాను లైబ్రరీ ఉచితముగా దొరకును; దానితో ముడిపడిన విదేశపు దళారి సంస్థ ప్రకటన ఫోనులో కనబడును. ఇంటిలోని యువకుడు ఆ రెండింటిని కలుపుటకు ఒక సాయంకాలము చాలును. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఒక హెచ్చరిక పట్టికను ప్రకటించినది. అందు మొదట 34 పేర్లుండెను. తరువాత ఇంకను చేరినవి. అట్టి వేదికలకు డబ్బు పంపినవారు విదేశ మారక చట్టము క్రింద శిక్షార్హులు కావచ్చునని బ్యాంకు స్పష్టముగా తెలిపినది.